పశువుల సావిడిలో వారం రోజులు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అరగంట ఇచ్చారు. "మాస్టారూ, స్కాట్లాండు వెళ్ళివచ్చారు గదా, ఆ విశేషాలు చెప్పండి. రివిజను సంగతి మాత్రం ఎత్తకండి, నాలుగైదు గంటలు పడుతుంది" అన్నారు. సరేనన్నాను. అయితే విదేశయాత్ర అనగానే వినేవారికి లోపల ఒక బెంగ మొదలవుతుందని నాకు తెలుసు. కోట ముందు నిలబడ్డాం, గడియారం ముందు నిలబడ్డాం, అల్లుడు ఫొటో తీశాడు, ఈ ధోరణిలో సాగుతుంది. మీలో సగంమంది పిల్లలు అక్కడో అమెరికాలోనో ఉన్నారు, మీరూ ఆ కోటలూ గడియారాలూ చూసే ఉంటారు. నేను చెప్పబోయేది ఒక పశువుల సావిడి గురించి. అందులో నేనూ మా శ్రీమతీ డబ్బిచ్చి మరీ వారం రోజులు ఉన్నాం.

2024 మే నెలలో మా అబ్బాయి దగ్గరికి ఎడింబరో వెళ్ళాం. విజిటరు వీసా మీద ఆరు నెలల వరకు ఉండవచ్చు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి గనుక అక్టోబరులోనే తిరిగి వచ్చేశాం. మన ప్రాణం మన దగ్గరే ఉన్నా బ్యాంకుకి చూపించాలి గదా! వెళ్ళబోయేవారికి ఒక్క మాట. మన వయసులో ట్రావెల్ ఇన్సూరెన్సు లేకుండా విమానం ఎక్కవద్దు. ప్రీమియం చూసి గుండె ఆగినంత పనవుతుంది, అయినా కట్టండి.

జూనులో మనవరాలికి బడి సెలవులు ఇచ్చాక, ఊరి బయట ఎక్కడైనా వారం రోజులు గడుపుదామని మా కోడలు ఏర్పాటు చేసింది. పాత రైతుల ఇళ్ళు బాగుచేసి సెలవులకు వచ్చేవారికి వారాల లెక్కన అద్దెకిస్తారు. హోటలు కాదు. పనివాళ్ళు ఉండరు. తాళంచెవి ఇస్తారు, మన వంట మనం, మన అంట్లు మనం. అద్దె వారానికి 750 పౌన్లు. అప్పుడు పౌను నూట ఆరు, నూట ఏడు రూపాయల మధ్య ఉంది. లెక్క కట్టి మా శ్రీమతికి చెప్పాను. "ఆ డబ్బు పెట్టి మన ఊళ్ళో మన ఇంటికి పెంకు తిరగవేయించవచ్చు గదండీ" అంది. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఎడింబరో నుంచి కారులో దక్షిణంగా రెండు గంటల ప్రయాణం. డాల్వీన్ కనుమ దిగుతుంటే రెండు పక్కలా పచ్చటి కొండలు, ఒక్క చెట్టు లేదు, ఎవరో బిలియర్డు బల్లమీది గుడ్డ పరచినట్టు. కనుమ దిగితే నిత్ అనే నది లోయ. డంఫ్రీస్ అనే పట్నానికి పద్నాలుగైదు మైళ్ళు పైన థార్న్‌హిల్ అని ఒక చిన్న ఊరు. దానికి ఇంకా లోపలికి, కారు ఒక్కటే పట్టే దారిలో ఉంది మా ఇల్లు.

మన సంఘంలో చాలామందికి తెలుసు, నా సర్వీసులో పదకొండేళ్ళు ఫీల్డ్ ఆఫీసరుగా తిరిగాను. రైతు ఇంటికి వెళ్ళగానే ముందు గోడలు, కప్పు, పశువుల కొట్టం చూసే అలవాటు ఇంకా పోలేదు. సామాన్లు దింపకుండానే ఇన్‌స్పెక్షను మొదలెట్టాను. రాతిగోడలు, ఒక్కొక్కటి మూరన్నర పైన మందం. ఆ ప్రాంతపు రాయి ఎర్రటి ఇసుకరాయి, డంఫ్రీస్ పట్నమంతా ఆ రాయితోనే ఎర్రగా ఉంటుంది. కిటికీలు చిన్నవి, చలి రాకుండా. ద్వారబంధాలు పొట్టివి, నాలాంటి పొడుగువాళ్ళ నుదురు పగలడానికి. మొదటి రోజే రెండుసార్లు పగిలింది. కప్పు మీద పలకలు. మనం చిన్నప్పుడు ఓనమాలు దిద్దుకున్న పలక రాయి ఉందే, అదే, కొంచెం మందంగా, చేపపొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చారు. స్కాట్లాండులో పేరుపడ్డ బాలహూలిష్ పలక గని 1955లోనే మూతపడింది. అందువల్ల ఇప్పుడు ఇల్లు బాగుచేసేవారు కూలిన ఇళ్ళ మీది పాత పలకలే ఏరి తెచ్చుకుంటారట. నూరేళ్ళు ఒక ఇంటి మీద ఎండా వానా కాచిన పలక ఇంకో ఇంటి మీదికి డెప్యుటేషన్ మీద వెళుతుందన్నమాట.

రైతు ఉండే ఇల్లు, పశువుల సావిడి, ధాన్యపు కొట్టు ఒక ముంగిటి చుట్టూ కట్టుకోవడం అక్కడి పద్ధతి. బీదరైతులైతే ఒకే కప్పు కింద ఒకపక్క మనుషులు, ఇంకోపక్క పశువులు. మా కోనసీమలో పాతకాలంలో ఉన్నట్టే. మేము దిగినది సావిడి భాగంలో. నేల మీద పాత రాతిపలకలు అలాగే ఉంచారు. గది మధ్యగా జానెడు వెడల్పున ఒక పల్లం, ఈ చివరి నుంచి ఆ చివరికి. మా కోడలు అది డిజైను అనుకుంది. నాకు చూడగానే తెలిసింది, పశువుల మూత్రం పోయే కాలువ. చెప్పాలా వద్దా అని కొంచెంసేపు ఆలోచించి, మా శ్రీమతి మంచం సరిగ్గా దాని పక్కనే వేసి ఉండడం చూసి, రెండు రోజుల దాకా చెప్పలేదు.

ఇంటి యజమానురాలు డెబ్భై దాటినావిడ. పక్కనే పెద్ద ఇంట్లో భర్తతో ఉంటుంది. మొదటిరోజు సాయంత్రం ఒక బుట్టలో గుడ్లు, రొట్టె తెచ్చి ఇచ్చి, బల్లమీద ఒక ఫైలు ఉంది చూసుకోండి అని వెళ్ళింది. ఆ ఫైలు చూసి ముచ్చటపడ్డాను. స్కాట్లాండులో 2022 నుంచి ఇలా అద్దెకిచ్చే ఇళ్ళకి లైసెన్సు విధానం పెట్టారు. అప్పటికే నడుపుతున్నవారు 2023 అక్టోబరు 1 లోపల దరఖాస్తు పెట్టుకోవాలి. లైసెన్సు నెంబరు, గ్యాసు తనిఖీ పత్రం, కరెంటు పత్రం, పొగ వస్తే మోగే గంటల పత్రం, కొండవాగు నుంచి వచ్చే నీళ్ళ పరీక్ష పత్రం, అన్నీ వరుసగా, అట్టముక్కలు పెట్టి. మా బ్రాంచిలో లోను డాక్యుమెంట్లు కూడా ఇంత పొందికగా ఉండేవి కావు. ఆడిటువాళ్ళు ఇక్కడ ఉంటే మురిసిపోయేవారు.

మా శ్రీమతికి ముందు వచ్చిన చిక్కు దీపం. సంధ్యవేళ దీపం పెట్టాకనే వంటింట్లోకి వెళ్ళడం ఆవిడకు నలభై ఏళ్ళ అలవాటు. అక్కడ జూను నెలాఖరులో సూర్యుడు దిగేది పది కావస్తుండగా. పదకొండుకి కూడా ఆకాశంలో వెలుగు ఉంటుంది. రెండు రోజులు ఎదురుచూసింది. మూడోరోజు "వాళ్ళ సూర్యుడు వాళ్ళది, మన ఆకలి మనది" అని ఆరున్నరకే దీపం పెట్టేసింది. వంటకి కట్టెలతో మండే పెద్ద ఇనప పొయ్యి. అది ఒక్కటే వండుతుంది, నీళ్ళు కాస్తుంది, ఇల్లు వేడిగా ఉంచుతుంది. కందిపప్పు ఉడకడానికి మాత్రం మొండికేసింది. కుక్కరు తీసుకెళ్ళడం మంచిదైంది.

చుట్టుపక్కల చూసినవి కొన్ని చెబుతాను, అన్నీ చెప్పను. అక్కడ పొలాల్లో నడవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. స్కాట్లాండులో 2003లో చేసిన భూసంస్కరణల చట్టం ప్రకారం, పైరు తొక్కకుండా, తీసిన గేటు వేసి, పశువులను బెదరించకుండా ఎవరైనా నడవవచ్చు. ఇళ్ళ పెరళ్ళలోకి మాత్రం పోకూడదు. నేను మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని రోజూ ఉదయం రెండు మైళ్ళు నడిచాను. గాలోవే ఆవులని ఉన్నాయి, ముందూ వెనకా నలుపు, నడుముకి తెల్లటి పట్టా. పట్టుపంచె చుట్టుకున్నట్టుంటాయి. సైకిలు కనిపెట్టినది ఆ పక్క ఊరి కమ్మరేనని అక్కడివారు గట్టిగా చెబుతారు. చరిత్రకారులు అందరూ ఒప్పుకోలేదు, అయినా ఆ ఊళ్ళో ఉండి కాదనడం మర్యాద కాదు.

డంఫ్రీస్ వెళ్ళే దారిలో ఎలిస్లాండ్ అని ఒక వ్యవసాయ క్షేత్రం ఉంది. రాబర్ట్ బర్న్స్ అనే వారి మహాకవి 1788లో కౌలుకు తీసుకున్నది. ఇల్లు కూడా తనే దగ్గరుండి కట్టించుకున్నాడు. ప్రపంచమంతా కొత్త సంవత్సరం రాత్రి పాడుకునే ఆ స్నేహగీతం ఇప్పుడున్న రూపంలో ఆ రోజుల్లో రాసినదే. అయితే నన్ను పట్టుకున్నది కవిత్వం కాదు. నేల సారం లేనిది. కౌలు గిట్టలేదు. ఇల్లు గడవక 1789లో ఆయన ఎక్సైజు శాఖలో ఉద్యోగానికి చేరాడు. జీతం ఏడాదికి 50 పౌన్లు. వారానికి 200 మైళ్ళు గుర్రంమీద తిరిగి పన్ను లెక్కలు చూడాలి. అంత మహాకవీ మనలాంటి ఉద్యోగే! టూర్ డైరీ రాసుకున్న చేతితోనే పద్యాలు రాశాడు. 1791లో వ్యవసాయం వదిలి పట్నం చేరాడు. 1796లో 37 ఏళ్ళకే పోయాడు. పెన్షను దాకా రాలేదు పాపం.

ఇంకో చోటు మాత్రం మన సంఘ సభ్యుడు ఎవడైనా చూసి తీరవలసినది. డంఫ్రీస్‌కు ఆగ్నేయంగా పది మైళ్ళ దూరంలో రూత్‌వెల్ అనే పల్లె. అక్కడ చర్చి గురువుగా ఉన్న హెన్రీ డంకన్ అనే ఆయన 1810లో బీదవారి కోసం ఒక సేవింగ్స్ బ్యాంకు పెట్టాడు. వ్యాపార పద్ధతిలో, పక్కా లెక్కలతో, తన కాళ్ళమీద తాను నిలబడేలా నడిచిన మొట్టమొదటి సేవింగ్స్ బ్యాంకు అదేనంటారు. మామూలు బ్యాంకుల్లో ఖాతాకి పది పౌన్లు కావలసిన రోజుల్లో ఆయన ఆరు పెన్నీలకు ఖాతా తెరిచాడు. అంతకుముందు కుర్రతనంలో ఆయన లివర్‌పూల్‌లో మూడేళ్ళు బ్యాంకు గుమాస్తా. మనవాడే! ఆ బ్యాంకు నడిచిన చిన్న ఇల్లు ఇప్పటికీ ఉంది. దాని ముందు నిలబడి, ముప్ఫైనాలుగేళ్ళు నేను అన్నం తిన్న సేవింగ్స్ ఖాతా అనేది ఇంత చిన్న గదిలోంచి వచ్చిందా అనుకుంటే ఒళ్ళు జలదరించింది. మా మనవరాలు "తాతా, ఏముందక్కడ, ఏమీ లేదుగా" అంది.

అదే ఆయన ఇంకో పని చేశాడు. ఆ ఊళ్ళో ఎనిమిదో శతాబ్దపు రాతి శిలువ ఒకటి, పద్దెనిమిది అడుగులది, పాతకాలపు రూన్ లిపిలో అక్షరాలు చెక్కినది, 1640ల దశకంలో విగ్రహారాధన కింద లెక్కకట్టి పగలగొట్టారు. ముక్కలు చర్చి ఆవరణలో పడి ఉండేవి. ఈయన వాటిని ఏరి, పోయిన ముక్క బదులు కొత్త ముక్క చెక్కించి, 1823లో మళ్ళీ నిలబెట్టాడు. 1887 నుంచి అది చర్చిలోపల ఉంది. ఎక్కడ పాత రాయో ఎక్కడ కొత్త రాయో చూస్తే తెలుస్తుంది, దాచలేదు. నాకు అది నచ్చింది.

ఇక సావిడి సంగతి. మా గదిలో ఒక గోడమీద, చదరంగా రెండడుగుల మేర, పాత వెల్ల అలాగే వదిలేసి చుట్టూ చెక్క చట్రం బిగించి అద్దం వేశారు. దానిమీద పెన్సిలు గీతలు, అంకెలు. నాలుగోరోజు సాయంత్రం ఆవిడ కట్టెలు తెచ్చినప్పుడు అడిగాను. ఆవులు ఈనిన తేదీలని చెప్పింది. మామగారు మొదలుపెట్టి, తరవాత తన భర్త రాసినవి. చివరి తేదీ 2001 ఫిబ్రవరి.

అప్పుడు కూర్చుని చెప్పింది. 2001 ఫిబ్రవరిలో ఇంగ్లండులో గాలికుంటు వ్యాధి బయటపడింది. మార్చి 1న స్కాట్లాండులో మొదటి కేసు, వాళ్ళ జిల్లాలోనే, లాకర్బీ దగ్గర. మన దేశంలో గాలికుంటు వస్తే మందు రాస్తాం, టీకాలు వేస్తాం, పాలు తగ్గిపోతాయని ఏడుస్తాం, పశువు చాలావరకు బతుకుతుంది. అక్కడ విధానం వేరు. వ్యాధి లేని దేశమన్న పేరు పోతే మాంసం ఎగుమతి ఆగిపోతుంది. అందుకని వ్యాధి వచ్చిన మందనే గాక, పక్క పొలాల్లో ఉన్న మందలను కూడా చంపేశారు. ఆ ఏడాది బ్రిటన్ మొత్తంమీద అరవై లక్షలకు పైగా పశువులను చంపారు. స్కాట్లాండులో చివరి కేసు మే 30న వచ్చింది. ఈవిడ మందకి జబ్బు లేదు. పొరుగు పొలానికి వచ్చింది. ఒకరోజు ఉదయం పాలు పితికారు, మధ్యాహ్నానికి సావిడి ఖాళీ. నష్టపరిహారం వచ్చింది, సక్రమంగానే వచ్చిందట. "డబ్బు సంగతి కాదు, మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి ఇద్దరం లేచి బట్టలు వేసుకుని కూర్చున్నాం" అంది.

నేను ఫీల్డ్ ఆఫీసరుగా ఎన్నో పశువుల లోన్లు ఇచ్చాను. పశువు చనిపోతే చెవికి వేసిన బిళ్ళ తెచ్చి ఇన్సూరెన్సు క్లెయిము పెట్టించేవాళ్ళం. బిళ్ళ తెచ్చిన రైతు ముఖం చూడకుండా బిళ్ళమీది నెంబరు చూసేవాళ్ళం, పని అలాంటిది. ఆవిడ చెబుతుంటే ఆ బిళ్ళలన్నీ గుర్తుకొచ్చాయి. ఏం చెప్పాలో తోచక 1996 నవంబరు 6 తుపాను గురించి చెప్పాను. ఆ రాత్రి మా కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా పోయాయో, తెల్లారి చెట్టు పట్టుకు నిలబడ్డ మా పెదనాన్నగారి అబ్బాయి ఎలా మాటలేకుండా ఉన్నాడో. ఆవిడ విని, "మళ్ళీ నాటారా?" అని ఒక్క ప్రశ్న అడిగింది. నాటామన్నాను.

వాళ్ళు మళ్ళీ పాడి పెట్టలేదు. వయసు చాలలేదు, మనసూ రాలేదు. గొర్రెలు మాత్రం ఉన్నాయి. సావిడి ఆరేళ్ళు ఖాళీగా పడి ఉంది. పలకలు జారాయి, గోడలు చెమ్మెక్కాయి. చెమ్మకి కారణం వింటే ఆశ్చర్యపోతారు. ఎప్పుడో గోడకి సిమెంటు పూశారట. పాత రాతిగోడ ఊపిరి పీల్చి వదులుతుంది, వానకి తడుస్తుంది, గాలికి ఆరుతుంది. సున్నం దానికి అడ్డురాదు. సిమెంటు తడిని లోపలే బంధిస్తుంది, గోడ లోపల్లోపల కుళ్ళుతుంది. అందుకని ఆ సిమెంటంతా గొరిగించి మళ్ళీ సున్నంతో చేయించింది. ఆ పని చేసేవారు కరువైపోతే, ఫైఫ్ అనే జిల్లాలో పాత సున్నపు బట్టీలున్న చార్లెస్‌టౌన్‌లో సున్నం పని నేర్పడానికే ఒక కేంద్రం పెట్టారట. మన తాతలు గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపి పూయించినది ఇదే గదా అని నేను చెబితే, బెల్లం అంటే ఏమిటో ఆవిడకి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

వృత్తి బుద్ధి పోదు గనుక లెక్కలు అడిగాను. దాచకుండా చెప్పింది. సగం సొంత డబ్బు, సగం బ్యాంకు అప్పు, పన్నెండేళ్ళలో తీర్చారు. అక్కడ ఒక విచిత్రం ఉంది. కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. ఉన్న ఇల్లు బాగుచేస్తే ఇప్పుడు నూటికి ఇరవై. రెండేళ్ళు దాటి ఖాళీగా పడి ఉన్న నివాసగృహమైతే అయిదు. పడగొట్టి కట్టేవాడికి లాభం, నిలబెట్టేవాడికి పన్ను. ప్రభుత్వాలు ఎక్కడైనా ఒకటే! ఏడాదిలో ఎన్ని వారాలు నిండుతాయని అడిగాను. వేసవి అంతా, క్రిస్మసుకి, మధ్యలో అటూ ఇటూ. చలికాలం ఖాళీయే. అయినా రెండురోజులకొకసారి పొయ్యి రాజేస్తుందట, ఇల్లు చల్లబడకుండా. ఆ కట్టెల ఖర్చు ఏ పద్దు కింద రాస్తారు అంటే నవ్వింది.

ఇప్పుడు మా శ్రీమతి అన్న పెంకు మాటకి వస్తాను. అప్పటి తూర్పుగోదావరి, ఇప్పటి కోనసీమ జిల్లాలో మా ఊళ్ళో మాకు మండువా లోగిలి ఉంది. మా తాతగారు కట్టించినది. టేకు స్తంభాలు పన్నెండు. ముగ్గురన్నదమ్ములం వాటాదారులం. అన్నయ్య పోయారు. మా వదినగారు 82 ఏళ్ళ వయసులో, అంత ఇంట్లో రెండు గదులు ఉంచుకుని, మిగతావి తాళాలు పెట్టుకుని ఒంటరిగా ఉంటున్నారు. కొడుకులు రమ్మంటే వెళ్ళరు. మండువాలో వాన నీళ్ళు పడే మూల దూలం పుచ్చింది. మూడేళ్ళుగా పాత కలప వ్యాపారులు తిరుగుతున్నారు. హైదరాబాదు చుట్టుపక్కల రిసార్టులకి పాత స్తంభాలు, గుమ్మాలు కావాలట. స్తంభాలకి, సింహద్వారానికి కలిపి వాళ్ళు చెప్పిన ధర తక్కువేమీ కాదు. మా తమ్ముడు అమ్మేద్దామంటాడు. వాడి మాటలో న్యాయం ఉంది, వాడికి ఇద్దరాడపిల్లల పెళ్ళిళ్ళ అప్పు ఇంకా ఉంది. మా పెద్దబ్బాయిలు ఫోనులో ఏ సంగతీ తేల్చరు. ఇలాంటి ఇల్లు మీలో ఎంతమందికి ఉందో చేతులెత్తమని అడగను, ముఖాలు చూస్తేనే తెలుస్తోంది.

2025 సంక్రాంతికి అందరం కలిశాం. నేను స్కాట్లాండు ఫొటోలు చూపించి, సావిడి కథ చెప్పి, మనమూ ఇలా బాగుచేసి యాత్రికులకి ఇస్తే ఎలా ఉంటుందని ఒక కాగితంమీద లెక్క వేసి చూపించాను. ఫీల్డ్ ఆఫీసరుగా ఆ అప్లికేషను నా బల్లమీదకి వస్తే, నిజం చెబుతున్నాను, నేను శాంక్షను చేయను. వాటాదారులు ముగ్గురు, దగ్గరుండి చూసుకునేవారు లేరు, రాబడి నమ్మకం లేదు. స్కాట్లాండావిడ ముంగిట్లోనే ఉంటుంది గనుక అది నడుస్తోంది. మా తమ్ముడు అదే మాట అన్నాడు, వాడూ లెక్కలవాడే.

మా వదినగారు అంతా విని, "ఏమిటి మరిదిగారూ, మీరూ మా చెల్లీ పశువుల సావిడిలో పడుకున్నారా? డబ్బిచ్చీ?" అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్వులయ్యాక ఆవిడ లేచి, వంటింటి గుమ్మం వెనక గోడ చూపించారు. అక్కడ పాలలెక్క బొగ్గు గీతలు, ఏనాటివో, మా అమ్మ గీసినవి కొన్ని, ఆవిడ గీసినవి కొన్ని. వెల్ల వేయించిన ప్రతిసారీ ఆ మూల వదిలేయమని చెప్పేవారట. నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగి అది ఎన్నడూ చూడలేదు. "నేనున్నంతవరకు కొత్తవాళ్ళని ఎవరినీ తెచ్చి పడుకోబెట్టకండి. స్తంభాలు తీయకండి. నా తరవాత మీ ఇష్టం. కారుతున్న ఆ మూల మాత్రం ఈ వానలకి ముందు చూడండి" అన్నారు.

మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం కొబ్బరితోటలోకి పిలిచి, తన వాటాకి ఏదో ఒక మొత్తం నేను సర్దితే మూడేళ్ళు ఆగుతానన్నాడు. నా కమ్యూటేషను డబ్బులో మిగిలినది కొంత ఉంది. మా శ్రీమతితో ఆలోచించి ఇచ్చాను. మంచి పెట్టుబడా అని అడగకండి. కాదు. ఆ మూల వరకు దూలం మార్పించి పెంకు తిరగవేయించాం. ఖర్చు స్కాట్లాండులో మేము వారానికి ఇచ్చిన అద్దెకి రెండింతలు దాటింది. మా శ్రీమతి అంచనా ఆ మేరకు తప్పిందని ఇంట్లో నేను అనలేదు, ఇక్కడ అంటున్నాను, ఆవిడ రెండో వరసలో ఉంది.

మిగిలినది పడమటి గోడ. ఎవరో ఎప్పుడో దానికి సిమెంటు పూయించారు, మోకాలెత్తు వరకు చెమ్మ లాగి పెచ్చులూడుతోంది. మా మేస్త్రి మళ్ళీ సిమెంటే పూస్తానంటున్నాడు, గానుగ సున్నం తన తండ్రికి తెలుసు గాని తనకి రాదట. రాజోలు నుంచి అమలాపురం దాకా విచారించాను. గుడుల పని చేసినవారు ఒకరిద్దరున్నారని అన్నారు గాని ఆచూకీ దొరకలేదు. మన సభ్యులు ఉభయ గోదావరి జిల్లాల్లోనూ పనిచేసినవారు. గానుగ సున్నం పని వచ్చిన మేస్త్రి ఎవరైనా మీ ఎరికలో ఉంటే, టీ సమయంలో నాకుగాని కార్యదర్శిగారికిగాని పేరూ ఊరూ రాసి ఇవ్వగలరు. వచ్చే వర్షాకాలం లోపల పని మొదలుపెట్టాలి. ఫొటోలు తెచ్చాను, వెనక బల్లమీద ఉన్నాయి. కాలువ ఉన్న ఫొటో కూడా ఉంది.